గోదావరి పాయలో కుటుంబంతో ఒక పూట కయాక్ ప్రయాణం ఎలా చేయాలి

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తుంది. దిండి వైపు కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలు, చూశామని, పిల్లలతో ఎక్కవచ్చా అని ఒకరు అడుగుతారు. గాలి నింపే పడవ కొన్నామని, ఎక్కడ దింపాలో చెప్పమని ఇంకొకరు అడుగుతారు. ఈత రాని అత్తగారిని తీసుకువెళ్లవచ్చా అని అడిగినవారూ ఉన్నారు. అందరికీ విడివిడిగా సమాధానం చెప్పే బదులు, మొదటి నుంచి చివరి వరకు ఒకే చోట రాస్తున్నాను.

తెడ్డు వేయడం అరగంటలో వచ్చే విద్య. డెల్టాలో కష్టమంతా తిరిగి రావడంలో ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. సముద్రానికి దగ్గరవుతున్న కొద్దీ ఈ పాయల్లో నీరు రోజుకు రెండుసార్లు పోటుతో ఎగువకు ఎక్కుతుంది, రెండుసార్లు పాటుతో దిగువకు తీస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి ఇది నిలవ నీటిలాగే కనిపిస్తుంది, మోసమంతా అక్కడే ఉంది.

నేనూ అలాగే మోసపోయాను. మొదటిసారి మా తోడల్లుడి కుటుంబంతో వసిష్ఠలో ఉదయం ఏడు గంటలకు దిగువకు బయలుదేరాము. నలభై నిమిషాల్లో ఒక లంక చేరుకుని, ఎంత బాగా తెడ్డు వేస్తున్నామో అని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాము. మమ్మల్ని అక్కడికి చేర్చింది పాటు నీరని తిరుగు ప్రయాణంలో తెలిసింది. నలభై నిమిషాల దారికి రెండున్నర గంటలు పట్టింది. చివరి అర కిలోమీటరు మోకాలి లోతు బురదలో పడవలను తాడుతో లాక్కుంటూ వచ్చాము. రేవులో వల బాగు చేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే, "పాటు మీద ఎదురెక్కుతారా ఏటండీ, గంట ఆగితే పోటే తీసుకొచ్చేసేది కదా, ఆయ్" అన్నాడు. ఈ వ్యాసంలోని సగం విషయం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఎప్పుడు, ఎక్కడ

డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు అనువైన కాలం. జూలై నుంచి అక్టోబరు వరకు, నీరు ఎర్రగా ఉన్నంతకాలం, పడవను ఇంట్లోనే ఉంచండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. ఇవి లంక గ్రామాలను ఉద్దేశించిన అంకెలు. హెచ్చరిక లేదు కాబట్టి వెళ్లవచ్చని అనుకోవద్దు, మొదటి హెచ్చరికకు చాలా ముందే ఆ నీరు కయాక్‌కు ప్రమాదకరమవుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో తుపాను సూచన ఉంటే ఆ వారం మొత్తం వదిలేయండి.

మొదటి ప్రయాణానికి ఇటువంటి చోటు వెతకండి: మెట్లున్న రేవు లేదా గట్టి ఇసుక ఒడ్డు ఉండాలి, ఎగువన ఒకటి రెండు కిలోమీటర్ల వరకు గట్టు వెంట దిగగలిగిన చోట్లు ఉండాలి, పక్కన ఊరు ఉండాలి. వసిష్ఠలో దిండి, చించినాడ ప్రాంతం చాలామందికి తెలిసినది. అక్కడ కూడా నడి ఏటిలోకి పోకుండా గట్టు వెంట సాగడమే మంచిది.

వెళ్లకూడని చోట్లు కూడా చెబుతాను. బ్యారేజీ కంటికి కనిపించేంత దూరంలో, ఎగువనైనా దిగువనైనా, దిగవద్దు. గేట్ల కింద నీరు పడిన చోట వెనక్కి తిప్పే సుడి ఉంటుంది, అందులో పడినవారిని లైఫ్ జాకెట్ కూడా బయటికి తేలేకపోవచ్చు. లాకులు, రెగ్యులేటర్లు, తూములు, అక్విడక్టులు ఉన్న పంట కాలువల్లోకి తెలియకుండా వెళ్లవద్దు. సాగు కాలంలో కాలువ నీరు చూపుకు కనిపించేదానికంటే వేగంగా నడుస్తుంది, గట్లు నిటారుగా ఉన్న చోట పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. అంతర్వేది, ఓడలరేవు వంటి చోట్ల ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు అసలే వద్దు. కోరింగ మడ అడవులు అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత పడవ దింపవద్దు. అక్కడి సన్నని పాయల్లో పాటు తీసేస్తే మళ్లీ పోటు వచ్చేదాకా బురద మీద కూర్చోవలసి వస్తుంది. ఇసుక ర్యాంపుల పక్కన పిల్లలను స్నానానికి దింపవద్దు. తవ్విన గుంతలు మోకాలి లోతు నీటి పక్కనే నిలువు లోతుగా ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు.

ఏమేమి కావాలి

పడవ: కుటుంబానికి వెడల్పైన, పైన కూర్చునే రకం రెండు సీట్ల కయాక్ మంచిది. బోల్తా పడినా అందులో నీరు నిండదు, మళ్లీ ఎక్కడం సులువు. లోపల కాళ్లు దూర్చి కూర్చునే రకం నేర్చినవారికే సరిపోతుంది. కెనూ దొరికితే సామాను ఎక్కువ పడుతుంది కానీ, ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో దానిని తిన్నగా నడపడానికి కొంత అలవాటు కావాలి, గాలికి కూడా త్వరగా పక్కకు పోతుంది. పడవ మీద రాసిన బరువులో ముప్పావు వంతు వరకే ఎక్కించండి. 200 కిలోలని ఉంటే మనుషులు, సామాను కలిపి 150 కిలోలు దాటవద్దు.

గాలి నింపే పడవ అయితే ముందు రోజు సాయంత్రం గాలి నింపి రాత్రంతా ఉంచి చూడండి. ఉదయానికి మెత్తబడితే ఆ పడవ ఏటికి పనికిరాదు. మిట్ట ఎండలో గాలి వ్యాకోచించి కుట్లు విడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఒడ్డున ఆపినప్పుడు నీడలో ఉంచండి, నీడ లేకపోతే కొంచెం గాలి వదలండి.

లైఫ్ జాకెట్: ప్రతి మనిషికి ఒకటి, ఆ మనిషి బరువుకు తగినది. అద్దెకు ఇచ్చేవారు అందరికీ ఒకే కొలత ఇస్తే తీసుకోవద్దు. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి.

మిగిలినవి: ప్రతి జాకెట్‌కు కట్టిన ఈల, గుంపుకు ఒక అదనపు తెడ్డు, 15 మీటర్ల తేలే తాడు, నీరు తోడే డబ్బా, వల చిక్కుకుంటే తాడు కోయడానికి చిన్న చాకు, మనిషికి రెండు లీటర్ల మంచినీరు, గడ్డం కింద పట్టీ ఉన్న టోపీ, మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు. ఒడ్డు బురదలో గుల్లలు కత్తుల్లా ఉంటాయి, ఉత్తి కాళ్లతో దిగినవారు మొదటి పది నిమిషాల్లోనే కోసుకుంటారు. చీర, పంచె, జీన్స్ వద్దు. తడిసిన జీన్స్‌తో నీటిలోంచి పడవ ఎక్కడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించినవారికి తెలుస్తుంది. ఫోన్ పెట్టే సంచిలో ముందు ఒక కాగితం ముక్క పెట్టి బకెట్ నీటిలో పది నిమిషాలు ముంచి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే ఫోన్ పెట్టండి. తినడానికి పులిహోర చాలు. ఆత్రేయపురం పూతరేకులను పడవలో తీసుకువెళ్లాలన్న ఆలోచన మాత్రం మానుకోండి, ఒక్క చుక్క నీటికే అవి పేస్టులా అయిపోతాయి.

వీటన్నిటికంటే విలువైనది తోడు పడవ. ఆ రేవు జాలరిని ఒకరిని, ఇంజను పడవతో, ఆ పూటకు కూలి మాట్లాడుకుని వెంట రమ్మనండి. కయాక్ అద్దెకంటే ఇది ఎక్కువ అనిపించవచ్చు. అయినా మొదటి మూడు నాలుగు ప్రయాణాలకు తోడు పడవ లేకుండా పిల్లలను తీసుకువెళ్లవద్దనే నేను చెబుతాను. ఆరేళ్లలోపు పిల్లలు, పడవ ఊగితే భయపడే పెద్దలు ఆ పడవలోనే జాకెట్లు వేసుకుని కూర్చుంటారు. ఈత రాని పెద్దవారు కయాక్ ఎక్కవచ్చు. వారు ముందు సీటులో, ఈత వచ్చినవారు వెనుక సీటులో కూర్చోవాలి, కింద చెప్పబోయే బోల్తా అభ్యాసం ముందుగా చేసి ఉండాలి.

దశలు

1. తిరిగి రావలసిన వేళను ముందు నిర్ణయించండి. ఎండాకాలం దగ్గర పడుతున్న కొద్దీ పదకొండు గంటల తర్వాత సముద్రం వైపు నుంచి గాలి పెరుగుతుంది, అందుకే పదకొండు లోపల రేవులో ఉండాలన్నది నా నియమం. అక్కడి నుంచి వెనక్కి లెక్కించండి. నీరు రేవు దగ్గర తొమ్మిది గంటల ప్రాంతంలో పోటు నుంచి పాటుకు తిరిగే రోజు దొరికితే, ఏడున్నరకు బయలుదేరి చివరి పోటు మీద ఎగువకు వెళ్లండి, తొమ్మిదికి ఒక ఇసుక తిన్నె మీద ఆగి తినండి, నీరు తిరిగాక తొమ్మిదిన్నరకు బయలుదేరి పాటు మీద పదిన్నరకల్లా రేవుకు చేరండి. ఎప్పుడూ ముందు ఎగువకు, తర్వాత దిగువకు వెళ్లండి. అప్పుడు అలసిపోయినా, తెడ్డు విరిగినా నీరే మిమ్మల్ని బయలుదేరిన రేవు వైపు తెస్తుంది. ముందే దిగువకు వెళితే అదే నీరు మొగ వైపు లాక్కుపోతుంది.

2. పోటు వేళను కనుక్కోండి. కాకినాడ రేవుకు పోటుపాట్ల పట్టికలు దొరుకుతాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఒక రోజు వేళ తెలిస్తే ఆ వారమంతా అంచనా వేయవచ్చు. అయితే పాయలో లోపలికి వచ్చే కొద్దీ నీరు ఇంకా ఆలస్యంగా తిరుగుతుంది, కాకినాడ వేళనే మీ రేవు వేళగా తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. ముందు రోజు రేవులో జాలరిని అడగండి, ఆ తర్వాత మీరే చూడండి. అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో లాగుడు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో దూరాన్ని సగానికి తగ్గించండి. అష్టమి ప్రాంతంలో నీరు మెతకగా ఉంటుంది.

3. నీటిని మీ కళ్లతో కొలవండి. తడి అంచున ఒక పుల్ల గుచ్చి పదిహేను నిమిషాలు చూడండి. నీరు పుల్లను దాటిపోతే ఎక్కుతోందని, పుల్ల పొడి మీద మిగిలితే తీస్తోందని అర్థం. ఇది మట్టాన్ని మాత్రమే చెబుతుంది. మట్టం ఎక్కడం మొదలైన తర్వాత కూడా నడి ఏటిలో నీరు కొంతసేపు దిగువకే నడుస్తుంది, కాబట్టి ప్రవాహాన్ని విడిగా చూడాలి. ఒక కొబ్బరి డొక్కను వీలైనంత దూరం విసిరి, గట్టు మీద ఇరవై పెద్ద అంగలు, అంటే సుమారు 20 మీటర్లు, దానితో పాటు నడుస్తూ సెకన్లు లెక్కపెట్టండి. 20 సెకన్లు పడితే నీరు గంటకు 3.6 కిలోమీటర్ల వేగంతో నడుస్తోంది. పిల్లలతో తెడ్డు వేసే కుటుంబం వేగం కూడా గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే, అంటే ఎదురెక్కితే ఉన్నచోటే ఉంటారు. 40 సెకన్లకంటే తక్కువ పడితే ఆ వేళకు దిగవద్దు, కూర్చుని టీ తాగండి. గుర్రపుడెక్క తెట్టెలు తేలుతూ పోతుంటే డొక్క కూడా అక్కరలేదు, వాటినే చూడండి.

4. ఒక మనిషికి చెప్పి బయలుదేరండి. ఒడ్డున ఉండే బంధువుకు ఏ రేవు, ఎంతమంది, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, ఎన్ని గంటలకు రాకపోతే 112కు ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. వేళ దాటినా "వస్తారులే" అని ఊరుకునే మనిషికి ఆ కాగితం ఇవ్వవద్దు.

5. జాకెట్లను ఒక్కొక్కరివి పరీక్షించండి. పట్టీలన్నీ బిగించిన తర్వాత, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డాన్ని, చెవులను దాటి పైకి వస్తే వదులుగా ఉందని అర్థం. ఉక్కపోతకు జిప్పు తీసి కూర్చునేవారు, ఫొటో కోసం విప్పేవారు ప్రతి గుంపులో ఒకరు ఉంటారు. జాకెట్ విప్పితే పడవ ఒడ్డుకే అని బయలుదేరకముందే చెప్పండి, నిజంగానే తిప్పేయండి.

6. నడుము లోతు నీటిలో బోల్తా అభ్యాసం చేయండి. దీనిని వదిలేసి వెళ్లేవారే ఎక్కువ. రేవు పక్కన, పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) రాని చోట, ప్రతి జంటా కావాలని ఒకసారి పడవను తిప్పాలి. పడగానే మొదట పడవను, తర్వాత తెడ్డును పట్టుకోవాలి. పడవను సరిచేసి, పక్క నుంచి దాని మీద అడ్డంగా బోర్లా పడి, బొడ్డు పడవ నడుమకు వచ్చేదాకా కాళ్లతో తన్నుతూ పాకాలి. ఆ తర్వాత వెల్లకిలా తిరిగి పిరుదులను సీటులోకి చేర్చి, చివరగా కాళ్లను లోపలికి తీసుకోవాలి. రెండోవారు ఎక్కేటప్పుడు మొదటివారు అవతలి వైపుకు ఒరగాలి. చేతుల బలంతో నిలువుగా ఎక్కబోయేవారు పడవను మళ్లీ తమ మీదకే తిప్పుకుంటారు. వరుసగా రెండుసార్లు ఎవరి సాయం లేకుండా ఎక్కగలిగితే ఆ జంట సిద్ధమైనట్టు. ఎక్కలేకపోతే ఆ పూట తోడు పడవలో కూర్చోవాలి, ఇందులో మొహమాటం వద్దు.

7. గట్టు వెంట, ఒకరికొకరు ఈల వినిపించే దూరంలో సాగండి. అందరికంటే నెమ్మదిగా వెళ్లేవారు ముందు, బాగా వచ్చినవారు చివర. ఒక ఈల అంటే ఆగండి, మూడు ఈలలు అంటే ప్రమాదం. తెడ్డును చేతులతో కాకుండా నడుము తిప్పి లాగండి. అరగంటకే భుజాలు నొప్పి పెడితే చేతులతో లాగుతున్నారని అర్థం. పొగమంచు ఉన్న ఉదయం అవతలి గట్టు కనిపించేదాకా దిగవద్దు.

8. అవతలికి దాటవలసి వస్తే పడవ ముక్కును ఎగువకు వాల్చి దాటండి. తిన్నగా ఎదుటి చెట్టుకు గురిపెట్టి తెడ్డు వేస్తే నీరు మిమ్మల్ని దిగువకు తీసుకుపోతుంది. ముక్కును ప్రవాహానికి ఎదురుగా కొంత వాల్చి, ఒడ్డున ముందూ వెనుకా ఉన్న రెండు గుర్తులు, ఒక కొబ్బరి చెట్టు, దాని వెనుక ఒక గుడి శిఖరం వంటివి, ఒకే వరుసలో ఉండేలా చూసుకుంటూ సాగండి. రెండూ విడిపోతుంటే జారిపోతున్నారని తెలుస్తుంది. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య నడిచే పంటు వంటిది వస్తుంటే అది రేవుకు తగిలేదాకా ఆగండి. పంటును చప్పున మలపడం, ఆపడం కుదరదు. దాని అల వచ్చినప్పుడు పడవ ముక్కును అలకు ఎదురుగా తిప్పండి, పక్క చూపితే బోల్తా పడతారు.

9. అడ్డంకులకు ఎగువ నుంచి దగ్గరగా పోవద్దు. వంతెన స్తంభాలు, పాత కట్టడాల మొండేలు, నీటిలోకి ఒరిగిన చెట్లు ఇవన్నీ ఒకే తీరు ప్రమాదం: నీరు దాటిపోతుంది, పడవ అతుక్కుపోతుంది. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర విద్యార్థులతో వస్తున్న పడవ బోల్తా పడినది కూడా నిర్మాణంలో ఉన్న వంతెన పునాదిని తగిలిన తర్వాతే. తప్పించుకోలేక స్తంభానికి తగులుతుంటే, మనసు వెనక్కి ఒరగమంటుంది, మీరు స్తంభం వైపే ఒరగండి. ఎగువకు ఒరిగితే నీరు పడవ అంచు మీదుగా ఎక్కి క్షణంలో తిప్పేస్తుంది. రొయ్యల చెరువులకు నీరు తోడే మోటార్ల గొట్టాలు ఒడ్డున ఉంటే దూరంగా పోండి. వలలకు కట్టిన తేలే బెండ్లు వరుసగా కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లండి, వీలుకాకపోతే తెడ్డు పైకెత్తి మీదుగా జారిపోండి. చాకు మనిషి చిక్కుకుంటే వాడడానికే, ఆ వల ఒక ఇంటి తిండి.

10. ఆగిన చోట పడవను కట్టండి. తిన్నె మీదకు లాగి వదిలేసి తింటుంటే పోటు వచ్చి పడవను ఎత్తుకుపోతుంది. పడవ తాడు కొసను గట్టి చెట్టు మొదలుకు కట్టి, ఇద్దరిని దాని వైపు చూస్తూ కూర్చోమనండి. మద్యం ముట్టుకున్నవారు ఆ రోజుకు ప్రయాణికులే, తెడ్డు వారికి ఇవ్వవద్దు. ఉరుము వినిపించిందంటే వెంటనే ఒడ్డెక్కండి, ఒంటరి కొబ్బరి చెట్టు కిందకు మాత్రం చేరవద్దు.

11. తిరుగు ప్రయాణంలో రేవును ముందే గుర్తుపట్టండి. పాటు మీద వస్తున్నప్పుడు రేవును దాటిపోవడం చాలా తేలిక. బయలుదేరేటప్పుడే నీటి వైపు నుంచి వెనక్కి తిరిగి ఫొటో తీసుకోండి, మెట్ల పక్కన ఒక రంగు గుడ్డ కట్టండి. రేవు కనిపించగానే గట్టుకు అంటుకుని, దాటిన తర్వాత ముక్కును ఎగువకు తిప్పి, ఎదురు తెడ్డుతో మెల్లగా చేరండి.

తరచుగా జరిగే పొరపాట్లు

వెళ్లేటప్పుడు పట్టిన సమయమే రావడానికి పడుతుందని అనుకోవడం అన్నిటికంటే పెద్దది. ప్రయాణం మొదలైన ఇరవై నిమిషాలకు ఆగి, రెండు నిమిషాలు వెనక్కి తెడ్డు వేసి చూడండి. గట్టు మీది చెట్లు మీ పక్క నుంచి కదలకపోతే అక్కడే ఒడ్డుకు చేరి నీరు తిరిగేదాకా ఆగండి.

గాలిని మరచిపోవడం రెండవది. గాలి దిగువ నుంచి, నీరు ఎగువ నుంచి వచ్చి ఎదురుపడితే ఏటి మీద చిన్న చిన్న నిటారు అలలు లేస్తాయి. అలల తలలు తెల్లగా విరుగుతుంటే కుటుంబంతో కయాక్‌లో ఉండవలసిన వేళ కాదు. అటువంటప్పుడు పిల్లలున్న పడవలను తోడు పడవకు కట్టించండి.

నీటిలో పడ్డవారిని అందుకోవడానికి ఇంకొకరు దూకడం మూడవది. ముందు ఈల ఊదండి, తాడు విసరండి, తెడ్డు అందించండి, పడవను దగ్గరకు తీసుకురండి, అందరి తలలూ లెక్కపెట్టండి. దూకడం ఈ వరుసలో ఎక్కడా లేదు.

వచ్చాక

అందరినీ, పడవలను, తెడ్లను లెక్కపెట్టి, కాగితం ఇచ్చిన మనిషికి ఫోన్ చేసి వచ్చామని చెప్పండి. పాయ నీరు ఉప్పగా ఉంటే పడవను, జాకెట్ల జిప్పులను మంచినీటితో కడిగి నీడలో ఆరవేయండి. గోళ్ల కింద, మడమల దగ్గర గుల్ల కోతలు ఉన్నాయేమో చూసుకుని సబ్బుతో కడగండి. ఆ తర్వాత ఒక నోటు పుస్తకంలో నాలుగే విషయాలు రాయండి: ఆ రోజు తిథి, కాకినాడ పట్టికలో పోటు వేళ, మీ రేవులో నీరు నిజంగా తిరిగిన వేళ, డొక్కకు పట్టిన సెకన్లు. మూడు ప్రయాణాలు అయ్యేసరికి కాకినాడకు, మీ రేవుకు మధ్య ఎన్ని నిమిషాల తేడా ఉందో తేలిపోతుంది. మా రేవు తేడా నాకు నాలుగోసారికి గానీ కుదరలేదు. వల పెద్దాయన్ని అడిగితే పట్టిక చూడకుండానే చెప్పేశాడు.